విత్తేవాడి తప్పేంది?

2023 జూన్, తొలకరి పడిన వారం. పినపాక అవతల అడవి అంచున ఒక కోయగూడెం. సువార్త కథలను కోయ భాషలో రికార్డు చేసే పని మాది. అందులో నాది కాంప్రహెన్షన్ చెక్: కథ కొత్తగా విన్నవాళ్ళను ప్రశ్నలడిగి, అర్థమైందో లేదో తేల్చడం.

ఆ రోజు విత్తేవాడి కథ. గింజలు కొన్ని దారిమీద, కొన్ని రాతినేలలో, కొన్ని ముళ్ళలో, కొన్ని మంచి నేలలో పడతాయి. చదివింది ఆ గూడెం అమ్మాయి ముత్తమ్మ. విన్నవాళ్ళు తప్పు చెబితే రికార్డింగులోంచి ఆమె గొంతు తీసేసి ఖమ్మంలో వేరేవాళ్ళతో చదివిస్తామని మా పాస్టరు అయ్యగారు ముందే చెప్పేశారు. పాపం, గుంజ పట్టుకుని నిలబడింది.

నా కాగితంలో మూడో ప్రశ్న: రైతు చేసిన తప్పేమిటి? జవాబూ నేనే రాసుకున్నాను: అజాగ్రత్తగా చల్లాడు. మాది కుసుమంచి వైపు. మా నాన్న గొర్రుతో సాలు తప్పకుండా విత్తేవాడు. గింజ గట్టుమీద పడితే ఇంట్లో పంచాయితీయే.

ఆ ప్రశ్న అడగగానే, కథ విన్న ఆడవాళ్ళలో పెద్దామె లచ్చవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "తప్పేంది మేడం? మంచిగనే చల్లిండు గదా."

"రాళ్ళల్ల, ముళ్ళల్ల ఎవరన్న చల్లుతరా అవ్వా?"

"మేం చల్లుతం. నువ్వెన్నడన్న చల్లినవా?"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. కాలువ కింద వరి ఊళ్ళో పుట్టిన అయ్యగారు మాత్రం నవ్వలేదు. "వీళ్ళకు అర్థం కాలేదు. సున్నా వెయ్యండమ్మా."

ఓడిపోవడం నాకు చేతకాదు. "అయితే చూపించు పద" అన్నాను. గూడెం వెనక వాలులో నరికి కాల్చిన పోడు. మొద్దులు, బండలు, నడిమధ్య కాలిబాట. లచ్చవ్వ ఒడిలోంచి గుప్పెడు జొన్నలు తీసి విసిరింది. కొన్ని బాటమీద పడ్డాయి, కొన్ని బండమీద టపటపా ఎగిరాయి.

"రాళ్ళన్నీ ఏరాల్నంటే గుట్టనే లేపాలె. రాయికింత, పిట్టకింత పోంగ మిగిలిందే మాది. మీ కథల ఆయన గూడ గట్లనే చల్లిండు."

అక్కడే బైబిలు తెరిచి, మా వెనకే వచ్చిన అయ్యగారి చేతిలో పెట్టాను. "తప్పు అన్నమాట ఇందులో ఎక్కడుందో చూపించండి."

ఆయన రెండుసార్లు చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు. "లేదమ్మా. ఇన్నేళ్ళూ అజాగ్రత్త మీదే ప్రసంగం చేశాను."

"నేను ప్రశ్న రాశాను, మీరు ప్రసంగం చెప్పారు. సున్నా ఎవరికి వెయ్యమంటారు?"

ఆయన నవ్వేశారు. మూడో ప్రశ్న కొట్టేసి, రిపోర్టులో పాస్ అని రాసి సంతకం పెట్టాను. ఆదివారం గూడెం ప్రార్థనలో మైకులో ముత్తమ్మ గొంతే మోగింది. చల్లే మాట రాగానే లచ్చవ్వ నావైపు తిరిగి, గాలిలోకి చెయ్యి విసిరి చూపించింది.

వాక్యం ముందు అందరం మన మన చేలు వెంటేసుకునే కూర్చుంటాం. నా వెంట సాళ్ళ చేను ఉందని ఆ రాళ్ళ వాలులోనే నాకు తెలిసింది. ఇప్పుడు ఏ గూడేనికి పోయినా కాగితం తీయకముందే అడుగుతాను: "మీరెట్ల విత్తుతరు?"