రవిక తాడు

కార్సెట్ రవిక అంటే మొదట ప్రేమలతకే నవ్వొచ్చింది. హిందూపురం గార్మెంట్స్‌లో ఏళ్ళ తరబడి కాలర్లు కుట్టి, పెనుకొండ బస్టాండు వెనక సొంత మిషన్ వేసుకున్న మనిషి ఆమె. ధర్మవరం పట్టుచీర మీదికి అదే కావాలని పెళ్ళికూతురు మంజు పట్టుబట్టింది. సరేనని ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. పూర్వం దొరసానులు నడుము సన్నంగా కనబడాలని తిమింగలం నోట్లోని పట్టీలు రవికలో దూర్చి కుట్టించుకునేవారట. చోద్యం కాకపోతే ఏమిటి! ప్రేమలత రెండు పొరల గుడ్డ మధ్య ప్లాస్టిక్ బద్దలు తోసి, వెనక కన్నాలు వేసి తాడు ఎక్కించింది. వీపు మీద రెండంచుల నడుమ నాలుగు వేళ్ళ సందు కావాలనే వదిలింది. కూర్చుంటే పక్కటెముకలు ఆడాలి కదా.

పెళ్ళినాడు ముందు వరుసలో కూర్చుని మురిసిపోతున్న ప్రేమలత ఉన్నట్టుండి ముందుకు వంగి చూసింది. మంజు ముఖంలో నెత్తురు లేదు. ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోతోంది. పురోహితుడు చెప్పమన్న మాటకు పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. పెళ్ళికూతురికి సిగ్గని జనం నవ్వారు. వాళ్ళకేం, నవ్వుతారు!

జడ సర్దే నెపంతో ప్రేమలత వెనక చేరింది. పూలజడ ఎత్తి చూసింది. సందు లేదు. అంచూ అంచూ కలిసేలా లాగి కట్టేశారు.

"ఎవురు కట్టింది ఇది?"

"నేనే," అంది పక్కనున్న మంజు మేనత్త ఉలిగమ్మ. "వీపు నోరు తెరుచుకోనుంటే ఎట్లమ్మే? కొలత తప్పినావని సర్దినా. ముడి యాడికీ జారదులే."

ఎందుకు జారుతుంది? ధర్మవరంలో మగ్గం మీద తెగిన పట్టుపోగులు అతికే చెయ్యి అది. పైగా తడి చేసి బిగించింది. ప్రేమలత గోరు విరిగింది గానీ ముడి కదల్లేదు. మంజు తల పక్కకి వాలింది.

"ప్రేమక్కా... ఊపిరి ఆడతా లేదు..."

"అత్తా, తాడు తెంపాల!" అనేసి ప్రేమలత నాలుక కరుచుకుంది. పీటల మీద కూర్చున్న పిల్ల దగ్గర అనే మాటా అది! నడుముకు దోపుకున్న చిన్న కత్తెర తీసేసరికి ఉలిగమ్మ మణికట్టు పట్టేసింది.

"నీ నోట మన్ను బడ! ఒక్క గడియ ఓర్చుకుంటాదిలే."

ప్రేమలతకు మాత్రం శకునాల భయం లేదా? రేపు ఆ కాపురంలో పాలు విరిగినా ఈ కత్తెర వల్లే అంటారు. ఏ పెళ్ళి రవికా ఇక తన గడప తొక్కదు. కానీ మంజు మెడ మీద చెమట మంచులా చల్లగా తగిలింది.

"పిల్లే లేకుంటే తాళి ఎవురికి కడతారత్తా!" అని చెయ్యి విదిలించుకుని తాడు కత్తిరించింది.

మంజు గుండెల్లోంచి ఊపిరి ఏడుపులా తన్నుకొచ్చింది. రవిక విచ్చుకుంది. ప్రేమలత రెండంచులూ గట్టిగా పట్టుకుని, పూలజడ కింద దాచి, మోకాళ్ళ మీద కూలబడింది. అంతలో మేళం అందుకుంది. పెళ్ళికొడుకు వేసే ముళ్ళు ఆమె చేతులకు జానెడు పైనే పడ్డాయి. వాటికేసి చూడాలన్నా భయమేసి కళ్ళు మూసుకుంది.

అక్షింతలు పడ్డాక మంజు పమిట కప్పుకుని, "అక్కా, ఇంగ వదులు," అంది. ప్రేమలత వేళ్ళు బిగుసుకుపోయి విడిరాలేదు. ఉలిగమ్మే వంగి ఒక్కో వేలూ తీసింది. 

"నా చేత్తో నేనే పిల్లను సంపుకోనుంటినే," అంది చెవిలో. "మా వదినకు చెప్పొద్దు తల్లీ."