కారం ఆంటీ పేరు నిజానికి నాది

పార్సిప్పనీలో మా స్నేహితుల పిల్లలందరికీ మా ఆవిడ ‘కారం ఆంటీ’. ఆ పిల్లలు కాలేజీలు దాటి ఉద్యోగాల్లో చేరారు. పేరు మాత్రం మారలేదు. మొన్న ఒకడు తన పెళ్ళి శుభలేఖ మీద కూడా అలాగే రాశాడు. నాకు రావాల్సిన పేరును ఇన్నేళ్ళూ ఆవిడ మోస్తోంది.

అప్పట్లో మా అపార్ట్‌మెంట్ల ఎదురుగా, డ్రై క్లీనర్ షాపు పక్కన, ఒక జపనీస్ రెస్టారెంట్ ఉండేది. పొడవాటి ఇనుప పెనం, దాని చుట్టూ మన కుర్చీలు, అవతల ఎత్తు టోపీ పెట్టుకున్న వంటాయన. ఉల్లిపాయ చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో నూనె పోసి మంట రేపి, ఆ పొగతో రైలు నడిపేవాడు. మా అమ్మాయి కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టేది. మా ఆవిడ శాకాహారి. రొయ్యలు పెనం ఎక్కకముందే ఆవిడకి కూరగాయలు, అన్నం వేయించి పక్కన పెట్టేవాడు. మేం అడగక్కర్లేదు.

“పెనానికి ఇటువైపు కూర్చుంటే ఎంత హాయిగా ఉందండీ!” అనేది ఆవిడ ప్రతి ఆదివారం. వారం మొత్తం మీద వేరెవరో వండితే ఆవిడ చూస్తూ కూర్చునే పూట అదొక్కటే.

నాకు ఆ ఫ్రైడ్ రైస్ చప్పగా ఉండేది. అందుకని ఇంటి కారప్పొడి జిప్‌లాక్ కవర్లో పోసి, కోటు జేబులో పెట్టుకుని వెళ్ళేవాణ్ణి.

“వద్దండీ. ఆయన వండింది వండినట్టు తినండి, పరువు పోతుంది” అనేది ఆవిడ.

ఒక చలికాలం ఆదివారం మాతో మా వరంగల్ మిత్రుడి కుటుంబం కూడా వచ్చింది. వంటాయన అన్నం పెనం మీద కుప్పగా పోసి, గుడ్ల కోసం లోపలికి వెళ్ళాడు. మిత్రుడు తన కొడుకు ఒలకబోసిన సోడా తుడుస్తున్నాడు. ఎవరూ నన్ను చూడటం లేదు. కంచంలో కలుపుకుంటే ఏం రుచి, వేగుతున్నప్పుడే పడాలి అనిపించింది. కవరంతా ఆ కుప్ప మీద బోర్లించాను.

కాలే పెనం మీద ఎండుమిరప పొడి పడితే ఏమవుతుందో గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. మొదట మేం దగ్గాం. తర్వాత పక్క పెనం వాళ్ళు దగ్గారు. ఆ మూలన ఎవరికో పాడుతున్న పుట్టినరోజు పాట ‘హ్యాపీ’ దగ్గరే ఆగిపోయింది. పరుగెత్తుకొచ్చిన వంటాయన టోపీ ఊడి సాస్ గిన్నెలో పడింది. ఓనరమ్మ వీధి తలుపు తెరిచి పెడితే మంచుగాలి లోపలికి కొట్టింది.

“ఎవరు చేశారిది?” అంది, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పటికే ఖాళీ కవరు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ మీద ఉంది. దానంతట అది వెళ్ళలేదు, నేనే పెట్టాను. ఓనరమ్మ కవరును చూసింది, ఆవిడను చూసింది. ఆవిడ నన్ను చూసింది. నేను పెనాన్ని చూశాను.

“సారీ. నాదే” అంది మా ఆవిడ.

“ఏంది వదినా! పెనానికే పోపు పెట్టినవా?” అన్నాడు మిత్రుడు దగ్గుతూ. వాళ్ళ పిల్లలు అక్కడికక్కడే ‘కారం ఆంటీ’ అని నామకరణం చేశారు.

కార్‌లో నేను సారీ చెప్పాను.

“నాకెందుకు? ఆ ఓనరమ్మకి చెప్పండి. చెప్పేదాకా నేను మళ్ళీ అక్కడ అడుగు పెట్టను.”

నేను చెప్పలేదు. ఆదివారాలు నేనొక్కణ్ణే వెళ్ళి, తల దించుకుని, డబ్బాల్లో పార్సిల్ తెచ్చేవాణ్ణి. ఇంటికొచ్చేసరికి చల్లారేది. మా ఆవిడ లేచి, స్టవ్ వెలిగించి, ఆ అన్నాన్ని మా పెనం మీద వేడి చేసేది.

“అమ్మ లేకుండా ట్రెయిన్ చూడాలంటే ఫన్ లేదు డాడీ” అంది మా అమ్మాయి ఒకరోజు, తోడు రమ్మని పిలిస్తే. ఆ వారమే ఆఫీస్‌లో లంచ్ మానేసి వెళ్ళి ఓనరమ్మకి అంతా చెప్పాను. ఆమె వంటాయన్ని పిలిచి మళ్ళీ చెప్పమంది. తర్వాత వంటింట్లో ఉన్నవాళ్ళందర్నీ పిలిచి ఇంకోసారి చెప్పమంది. నేను నోరు తెరిస్తే చాలు, అందరూ కావాలని దగ్గడం మొదలుపెట్టారు.

“ఆదివారం మీ ఆవిడను తీసుకురా. ఆ పొడి కూడా” అంది ఓనరమ్మ.

“అంతా చెప్పారా?” అని అడిగింది మా ఆవిడ, ఆ ఆదివారం చెప్పులు వేసుకునే ముందు.

“కవరు సంగతి కూడా.”

వంటాయన ఈత కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి, మా ఆవిడ ముందు నడుం వంచి దండం పెట్టాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఎప్పటిలాగే ఆవిడ అన్నం ముందు వేయించి, పెనం మీద నుంచి దించాక చిటికెడు పొడి చల్లాడు. తనూ కాస్త రుచి చూసి, ముక్కు ఎర్రబడినా “మోర్” అన్నాడు. నేను చెయ్యి చాపితే ఓనరమ్మ కవరు లాక్కుంది. “నీకు నో.” చప్పగానే తిన్నాను.

తలా ఒక వంటకం తెచ్చే తర్వాతి పాట్‌లక్ విందులో స్నేహితులకీ నిజం చెప్పాను. ఎవరూ నమ్మలేదు. “వదినను వెనకేసుకొస్తున్నవ్, ఎంత మంచోడివన్నా!” అని మా మిత్రుడు నా వీపు తట్టాడు. మగవాళ్ళంతా నన్ను చూసి నేర్చుకోవాలని వాళ్ళావిడ అంది. మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను. ‘నోటితో చెబితే నమ్మరు, రాయండి’ అని అప్పటినుంచీ పోరుతోంది. శుభలేఖ వచ్చాక ఇక తప్పలేదు.

రాసింది నిన్న ఆవిడకు చదవమని ఇచ్చాను. చదివింది.

“నేను సారీ చెబుతుంటే మీరు నీళ్ళు తాగుతూ కూర్చున్నారు. అది రాయలేదేం?”

తాగాను. నా గ్లాసు అయ్యాక ఆవిడ గ్లాసు కూడా.