పోలీసు బండి ముందు సీట్లో

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. కుడిచెయ్యి పైకెత్తి, నా తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకల సాక్షిగా చెబుతున్నాను. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారని తెలుసు, నవ్వనివ్వండి. ఒంటారియోలోని మా ఊరి పోలీస్ బోర్డులో చేరిన రోజున కూడా ఇలాగే చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఆ రోజు నవ్వింది మా ఆవిడ ఒక్కతే.

బోర్డంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పోలీసులు కాని మామూలు మనుషులం కొందరం నెలకోసారి కూర్చుంటాం. పోలీసులు ఎలా నడుచుకోవాలో విధానాలు రాస్తాం, ఎందుకలా నడుచుకోలేదని వాళ్ళ పెద్దని, ఛీఫ్‌ని అడుగుతాం. మాలో పళ్ళ డాక్టరు ఒకావిడ ఉంది, రిటైరైన టీచరు ఒకాయన ఉన్నాడు, రోజంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే నేనున్నాను.

ఇక వాడి సంగతి, నా స్నేహితుడిది. వాడూ నేనూ ఒకే చలికాలంలో కెనడాలో దిగాం. విండ్సర్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఒకే షిఫ్టు, ఒకే బేస్‌మెంటు. వాడిది వరంగల్ వైపు, నాది తెనాలి వైపు. చుట్టరికం వీసమెత్తు లేకపోయినా మొదటి వారం నుంచే నన్ను బావా అన్నాడు. మంచులో జారిపోయే పాత కార్లో నాకు డ్రైవింగ్ నేర్పింది వాడే. తర్వాత ఇద్దరం ఈ ఊరొచ్చాం. నేను కంప్యూటర్ల ముందు కూర్చున్నాను, వాడు డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ అయ్యాడు. కాలేజీకని వచ్చిన మన పిల్లల్లో సగం మంది లైసెన్సు వాడి చలవే.

ప్రతి శనివారం సాయంత్రం మా ఇంటికి టీకి వచ్చేవాడు. టీకేమిటి, నా అబద్ధాలకి వచ్చేవాడు. డెట్రాయిట్ సరిహద్దు దగ్గర ఒక కస్టమ్స్ కుక్క ఉందనీ, అది పచ్చడి సీసా మూత తియ్యకుండానే గోంగూరకి ఒకసారి, ఆవకాయకి రెండుసార్లు మొరుగుతుందనీ చెప్పాను.

"మరి మాగాయకి?" అన్నాడు వాడు.

"మొరగదురా. కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది."

అబద్ధం ఎవరైనా చెబుతారు. ఆ తర్వాతి ప్రశ్న అడిగేవాడు దొరకాలి. నాకు దొరికాడు.

బోర్డులో చేరాక నా కథల్లోకి ఛీఫ్ కూడా వచ్చేశాడు. పొద్దున్నే ఫోన్ చేసి, ఇవాళ హైవే మీద ఎన్ని బళ్ళు పెట్టమంటారని నన్ను అడుగుతాడన్నాను.

"నువ్వేమన్నవ్ బావా?"

"రెండు చాలు, మూడోది కడిగించండి అన్నా."

టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. నిజానికి ఆ ఛీఫ్ కారిడార్లో నన్ను రెండుసార్లు పలకరించాడు, రెండుసార్లూ వేరే ఎవరో అనుకుని.

బోర్డు సమావేశంలో ఓటు వేసే ముందు కొత్తవాళ్ళు శిక్షణ పూర్తి చేయాలి. ఆన్‌లైన్ పాఠాలు. ఒక స్లైడు పూర్తిగా వినకపోతే తర్వాతిది తెరుచుకోదు, ప్రతి పాఠం చివరా ఒక పరీక్ష. వారానికోసారి జూమ్‌లో ఒక పెద్దావిడ క్లాసు చెప్పేది. ఇంకో ఊరి బోర్డులో చాలా ఏళ్ళు పనిచేసిన మనిషి. ఒకే సంగతిని పది రకాలుగా చెప్పేది: విధానం మీది, పని వాళ్ళది. ఫలానా కేసులో ఫలానా మనిషిని ఏం చేయాలో మీరు ఒక్క మాట అనకూడదు, అన్నట్టు కనిపించకూడదు కూడా. నేను శ్రద్ధగా రాసుకుని పక్కన ఒక మీసాల బొమ్మ వేశాను.

ఆ నెలలోనే వాడికి యాక్సిడెంటు అయింది. ఎడమవైపు తిరుగుతూ సైకిల్ మీద వస్తున్న మనిషిని చూసుకోలేదు. ఆయన మణికట్టు విరిగింది. వీడి మీద అజాగ్రత్తగా నడిపాడని కేసు. కేసు తేలేదాకా పాఠాలు చెప్పొద్దంది స్కూలు. పిల్లలకి అద్దం చూడమని రోజుకి వందసార్లు చెప్పే మనిషి.

మంగళవారం వచ్చాడు. శనివారం కాకుండా వచ్చినందుకే నాకు గుబులు పుట్టింది. కూర్చోలేదు.

"బావా, ఛీఫ్‌కి ఒక్క మాట చెప్పు."

"ఏమని?"

"వీడు మంచోడు, ఏండ్ల నుంచి పిల్లలకి నేర్పుతున్నడు అని. కేసు తీసెయ్యమంటలేను. ఒక్క మాట."

"చెప్పకూడదురా. ఏ కేసు గురించీ మేం నోరెత్తకూడదు. మొన్ననే క్లాసులో..."

"పొద్దున్నే ఫోన్ చేస్తడంటివి."

"అది కథరా."

"అది కథ. ఇది నిజమా?" తలుపు వైపు తిరిగాడు. "చెయ్యబుద్ధి గాకపోతే గాదని చెప్పు బావా. రూల్స్ అనుకుంట నాకు కథలు చెప్పకు."

మనవైపు తెలిసినవాడి కోసం ఒక మాట చెప్పడం తప్పు కాదు, మర్యాద. చెప్పగలిగీ చెప్పకపోవడమే తప్పు. వాడి లెక్కన నేను చెప్పగలిగినవాణ్ణి. అలా నమ్మించింది నేనే. ఇన్నేళ్ళలో వాడు నమ్మని మాట, చెప్పకూడదురా అన్నదొక్కటే. అది కాస్తా నిజమైపోయింది.

ఆ వారం పరీక్షలో నాలుగో ప్రశ్న: మీ మిత్రుడు తన కేసు గురించి ఛీఫ్‌తో మాట్లాడమంటే ఏం చేస్తారు? సున్నితంగా నిరాకరించి, కారణం వివరిస్తాను అన్న జవాబు నొక్కాను. పచ్చటి టిక్కు పడింది. ఎలా వివరించాలో మాత్రం ఏ స్లైడులోనూ లేదు.

ఏడాదికి కేసు చిన్నదిగా మారి తేలిపోయిందనీ, వాడు మళ్ళీ పనిలో చేరాడనీ వేరేవాళ్ళు చెప్పారు. వాడు రాలేదు. నేను చేసిన ఫోన్లు మోగి మోగి ఆగాయి. మూడు కప్పుల టీ పెట్టడం మానుకోవడానికి మా ఆవిడకి ఆర్నెల్లు పట్టింది. ఆఫీసులో ఒకతనికి ఆ కుక్క కథ చెబితే, ఏ జాతి కుక్కండీ అన్నాడు. అదీ ప్రశ్నే. కాని ఆ ప్రశ్న కాదు.

రెండు చలికాలాలు గడిచాయి. బోర్డువాళ్ళ చదువు ఒక్కసారితో అయిపోదు. కిందటి శరత్కాలంలో, ఒక పూట పోలీసు బండిలో కూర్చుని వాళ్ళ పని కళ్ళారా చూసి రమ్మన్నారు. కానిస్టేబుల్ చెబితే తప్ప బండి దిగనని కాగితం మీద సంతకం పెట్టాను. తూటాలు దూరని చొక్కా తొడిగారు. అది నా పొట్ట దగ్గరికి వచ్చి రాజీపడింది. బండి నడిపే కానిస్టేబుల్ మా అమ్మాయి ఈడు పిల్ల. ప్రతి మలుపులోనూ నా కాలు దానంతట అదే కింద బ్రేకు కోసం వెతుకుతోంది. డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటుకీ ఒక బ్రేకు ఉంటుంది. "మీ వైపు లేదు," అని నవ్వింది ఆ అమ్మాయి.

మధ్యాహ్నం, ఒక షాపుల ప్లాజా ముందు, నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డున్న కారు మా ముందుకొచ్చింది. వెనక బ్రేకు లైటు ఒకటి వెలగడం లేదు. ఆమె రంగు లైట్లు వేసింది. కారు పక్కకి ఆగింది. స్టీరింగ్ దగ్గర ఎవరో అమ్మాయి, పక్క సీట్లో ఒక మెడ. ఆ మెడని నేను ఎక్కడున్నా పోల్చుకుంటాను. కానిస్టేబుల్ దిగి వెళ్ళింది. వాడు వెనక్కి తిరిగాడు. పోలీసు బండిలో నన్ను చూసి నోరు తెరిచాడు.

నాలుగింటికి స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి కౌంటర్ దగ్గర ఉన్నాడు, చేతిలో పాస్‌పోర్టు, ఇంటి కాగితాలు. అద్దం వెనక ఉన్నావిడకి చెబుతున్నాడు: "అతనికి నేను షూరిటీ ఉంటా. నోరు తెరిస్తే అబద్ధాలే గాని దొంగ గాదు."

"ఒరేయ్," అన్నాను.

"ఏం చేసినవ్ బావా?"

"ఏమీ లేదురా. ట్రైనింగ్."

"ముందు సీట్ల కూసోబెట్టిన్రంటే చిన్న నేరమే అయ్యుంటదనుకున్న." గోడకి ఆనుకుని నవ్వాడు. "ఇంకా ట్రైనింగేనా? ఎన్నేండ్లు నేర్పుతరు నీకు?"

"నువ్వు నమ్మేదాకా."

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండేదో. కాని మొదట చెయ్యెత్తాను కదా, ఒప్పుకోవాలి. వాడు వెనక్కి తిరిగాడన్న దగ్గర్నుంచి అంతా నా కల్పన. వాడు తిరగలేదు. స్టేషన్‌కి రాలేదు. కానిస్టేబుల్ నిమిషం మాట్లాడి, లైటు బాగు చేయించుకోమని చెప్పి వచ్చేసింది. నేను ముందుకు వంగి చూడటం గమనించి, తెలిసినవాళ్ళా అని అడిగింది.

"నాకు డ్రైవింగ్ నేర్పాడు."

"బాగా నేర్పాడా?"

"చాలా బాగా."

దిగనా అని అడిగితే కానిస్టేబుల్ సరేననేది. ఆ కారు సిగ్నల్ వేసి, అద్దం చూసుకుని, మెల్లగా రోడ్డెక్కేదాకా టైముంది. అడగలేదు.

ఇది వాడికి ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు, మనవాళ్ళు ఆ సాయం తప్పకుండా చేస్తారు. అప్పుడైనా, "నేనెప్పుడొచ్చిన బావా స్టేషన్‌కి? ఏం పాస్‌పోర్టు, ఏం షూరిటీ?" అని తిట్టడానికి ఫోన్ చేస్తాడేమోనని ఆ ముక్క రాశాను.