కోచ్ గొంతు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, ఒక పాత బిల్డింగు మూడో అంతస్తులో మా డబ్బింగ్ స్టూడియో ఉండేది. పరదేశపు సీరియళ్లకు తెలుగు మాటలు రాయడం నా పని. ఆ ఏడాది మా చేతికొచ్చింది ఒక బాస్కెట్‌బాల్ జట్టు కథ. ఆడిన ప్రతి మ్యాచూ ఓడిపోయే కుర్రాళ్లు, వాళ్లని వదలని ఒక ముసలి కోచ్. నవ్విస్తూ నవ్విస్తూనే కళ్లు తడిపేస్తుంది.

కోచ్‌కి గొంతు ఇచ్చినాయన యూసుఫ్‌గూడలో ఉండేవాడు. యాభై దాటినవాడు. ఇరవై ఏళ్లుగా సినిమాల్లో కానిస్టేబుళ్లకీ, కాంపౌండర్లకీ, గుంపులో అరిచేవాళ్లకీ గొంతు ఇస్తూ వచ్చాడు. మొదటి నుంచి చివరిదాకా ఉండే పాత్ర దొరకడం అదే తొలిసారి.

మొదటి రోజే నా కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. మ్యాచ్ ఓడిపోయి వచ్చిన జట్టుతో కోచ్ చెప్పే మాట అది. 'మీరంతా నా బిడ్డల్లాంటివాళ్లు' అని రాశాను.

"గిట్ల ఎవరన్న మాట్లాడుతరా రైటర్ సాబ్? తిన్నరా అని అడిగితే సాలదా?"

మార్చాను. ఆ సీను చూసి మా సౌండ్ ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు. సీరియల్ బయటికొచ్చాక యూసుఫ్‌గూడలో చాయ్ కొట్టువాడు సైతం ఆయన్ని కోచ్ అనే పిలిచేవాడు. ఆ పిలుపు వినడానికే రెండోసారి చాయ్ తాగుతున్నానని నాతో చెప్పి నవ్వాడు.

రెండో సీజన్ మొదలయ్యాక ఆయన గొంతులో చిన్న జీర వచ్చింది. నీళ్లు తాగి మళ్లీ చెప్పమనేవాడు ఇంజనీరు. అల్లం నమిలి మళ్లీ చెప్పేవాడాయన. ఒకరోజు ఆయన వెళ్లాక ఇంజనీరు నాకు హెడ్‌ఫోన్స్ ఇచ్చి, పాత రికార్డింగూ కొత్తదీ పక్కపక్కన వినిపించాడు.

"మైకు తప్పేం లేదు. గొంతే మారింది," అన్నాడు.

కంపెనీ మేనేజరుకి నేనే ఫోన్ చేసి చెప్పాను. చప్పుడు చేయకుండా ఇంకొకరిని చూడమన్నాడు. ఆరుగురి గొంతులు విన్నాను. మూడో అతన్ని ఎంచుకున్నాను. దానికి అరగంట కూడా పట్టలేదు. పెద్దాయనతో మాత్రం షెడ్యూల్ వాయిదా పడిందని చెప్పాను.

ఆ వారమే నేనొక సీనుకి తెలుగు మాటలు రాశాను. యాజమాన్యం కోచ్‌ని తీసేస్తుంది. ఆయన లేకుండా కోర్టులో అడుగు పెట్టేది లేదని జట్టంతా బయటే కూర్చుంటుంది. చాలా బాగా రాశావని మేనేజరు మెచ్చుకున్నాడు.

పెద్దాయనకి విషయం చెప్పింది ఆ కొత్త గొంతు అతనే. కోచ్ నవ్వు ఎలా నవ్వాలో అడగడానికి ఫోన్ చేశాడట. మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి నా టేబుల్ ముందు కూర్చున్నాడు.

"వాయిదా అన్నవ్ గద."

"కంపెనీ వాళ్లు..."

"కంపెనీని అడుగుతలే. నిన్ను అడుగుతున్న. నువ్వే ఎంచినవా?"

"అవునన్నా."

"మంచిగ చెప్తుండా?"

"మీ అంత కాదు."

"గట్ల అనకు. మంచిగ లేకుంటే ఎందుకు తీస్కుంటవ్." టేబుల్ మీద జారుతున్న నా కాగితాలు సర్దిపెట్టాడు. "నా గొంతు పోతున్నదని నాకు సుత ఎరుకే. ఒక్కమాట నాతోని చెప్తే అయిపోతుండె."

సీసాలో నీళ్లు రెండు గుక్కలు తాగాడు. గుటక వేయడానికి ఇబ్బంది పడ్డాడు. అదీ చూశాను. డాక్టరుకి చూపించుకోండి అన్నమాట మాత్రం నా నోట రాలేదు.

రెండు నెలలకి ఆయన భార్య ఫోన్ చేసింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రి. క్యాన్సర్. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద రంధ్రం, దాని మీద గాజుగుడ్డ. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు, అంతే.

ఆవిడ నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. "జర ముందుగాల వస్తే గొంతు మిగులుతుండె అన్నరు డాక్టర్లు. మాకు ఏం తెల్వలేదన్నా. జలుబు అనుకున్నం."

మాకు తెలిసింది. అందరికంటే ముందు ఇంజనీరూ నేనూ విన్నాం. విని, రికార్డింగ్ పాడవుతోందనే అనుకున్నాం. అది ఆవిడతో చెప్పలేకపోయాను.

"గా సీరియల్ ఫోన్ల పెట్టమంటడు," అందామె. "కొత్తాయన చెప్పిందే. సౌండ్ బంద్ జేసి చూస్తుండు."

బతికాడు. ఏడాది తర్వాత అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర కనిపించాడు. చాలా చిక్కిపోయాడు. నన్ను ఆపి, గొంతు పోయినవాళ్లు మాట్లాడే చిన్న యంత్రం దవడ కింద ఆనించి ఏదో అన్నాడు. రేకు మీద గీసినట్టుంది ఆ చప్పుడు. పక్కన పోతున్నవాళ్లు తిరిగి చూశారు. నాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను.

ఆయన యంత్రం జేబులో పెట్టుకుని, ఫోన్ తీసి, వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి చూపించాడు. 'చాయ్ తాగుదమా.'

రికార్డింగ్ ఉందన్నాను. నిజంగానే ఉంది, కానీ గంట తర్వాత.

ఆయన నా భుజం తట్టి రోడ్డు దాటి వెళ్లిపోయాడు.