జోలె నాది, నమ్మకం అవ్వది

ఆ కాలంలో మా మేడ్చల్ వైపు మనిషి పేరు విని అతని దేవుడెవరో చెప్పడం అంత సులువు కాదు. ఇప్పుడు పేరు చెప్పీ చెప్పకముందే ఎదుటివాడి కళ్ళల్లో ఒక డబ్బా తెరుచుకుంటుంది, మనల్ని అందులో వేసి మూత బిగించేస్తాడు. అప్పుడూ డబ్బాలు ఉండేవి గానీ, మూతలు సరిగ్గా కుదిరేవి కావు. మా ఇంట్లో పోచమ్మకు బోనం వండిన పొయ్యి మీదే మొహర్రంకు మలీద రొట్టెలు కాలేవి. మా పక్కింటి సాయబు తాత (ఊళ్ళో పీరీల కొట్టం, అంటే మొహర్రంకు పంజాలు నిలిపే ఇల్లు, చూసుకునేది ఆయనే) బోనాల నాడు మా అరుగు మీద కుర్చీ వేసుకుని, బోనం ఎత్తిన ఆడవాళ్ళకు అడ్డం రావొద్దని పిల్లల్ని గదమాయిస్తూ ఉండేవాడు. ఇక నా సంగతి చెప్పాలంటే, మా ఇంటి దేవుడు కీసర శివుడు, నా పిలుపు పేరు ఫకీరు.

ఆ పేరు వెనక కథ ఉంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు నాకు పెద్ద జబ్బు చేసిందట. హైదరాబాదులోని పెద్ద పెద్ద డాక్టర్లంతా చేతులెత్తేశారట. (అంతా అంటే ఒక్కాయనే. హైదరాబాదు కూడా కాదు, అల్వాల్. చేతులు కూడా ఎత్తలేదు, ఆ రోజు ఊళ్ళో లేడు, అంతే.) అప్పుడు మా అవ్వ, అంటే నాయిన తల్లి, నన్ను తెచ్చి పీరీ ముందు పండబెట్టి మొక్కుకుంది: పిల్లగాడు బతికితే, పెళ్ళయ్యేదాకా ఏటా మొహర్రంకు ఫకీరైతడు అని. ఫకీరవడమంటే ఆ ఒక్క రోజు మెడలో ఎర్రదారం, భుజాన పచ్చ జోలె వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి పిండీ బెల్లం అడుక్కురావడం. ఇచ్చినవాళ్ళ చేతిలో చిటికెడు ఊది, అంటే పీరీ ముందరి ధూపం బూడిద, పెట్టాలి. తెచ్చిన పిండితో రొట్టెలు కాల్చి, బెల్లం కలిపి దంచి మలీద చేసి, పీరీకి చూపించి, మొదటి ముద్ద మొక్కుకున్నవాళ్ళు తినాలి. సొంతింటి పిండి గింజంత కూడా పనికిరాదు. నాలాగా ఊరి పటేల్ మనవడైనా సరే, అడుక్కోవాల్సిందే.

చిన్నప్పుడు నాకు అంతకంటే మంచి పండుగ లేదు. అడుక్కోవడంలో ఉన్న సుఖం అడుక్కున్నవాడికే తెలుసు. తర్వాత సికింద్రాబాదు కాలేజీలో పడ్డాను. లోకల్ రైల్లో పోతూ వస్తూ ప్రపంచంలోని తత్త్వగ్రంథాలన్నీ చదివేశాను. (రెండు. రెండోది సగంలో ఉండగా రైల్లోనే మరిచిపోయాను, అందుకే ఇప్పటికీ నా ఆలోచన సగంలోనే ఆగి ఉంటుంది.) దేవుడు లేడు అని గట్టిగా చెప్పేవాళ్ళంటే నాకు గౌరవం, ఉన్నాడని కళ్ళు మూసుకునేవాళ్ళంటే అసూయ. రెండువైపులా అంత ఖాయంగా ఎలా తెలిసిందో నాకు అర్థమయ్యేది కాదు. మేడ్చల్ బస్టాండు ముందున్న ఛాయ్ హోటల్లో నా దోస్తులకు రోజూ ఇదే ఆట.

"పటేలా, దేవుడున్నడా?"

"తెల్వదు."

"అయితే లేడు."

"గదీ తెల్వదు."

"మరి ఛాయ్‌ల చక్కెర ఏసుకున్నవా?"

"తెల్వదు."

అట్లా నా పేరు ఫకీరు పోయి తెల్వదు పటేల్ అయింది. నేను లోలోపల దాన్ని బిరుదుగా తీసుకున్నాను. ఆ హోటల్ బల్ల మీద కూర్చుని, ఇక మీదట జోలె కట్టనని కూడా ప్రకటించాను. ఊరంతా అట్టుడికిపోయింది. (ఎవరూ పట్టించుకోలేదు. ఒకడు మాత్రం, అయితే మలీద ఉండదా అని అడిగాడు.)

సరిగ్గా ఆ ఏడే మొహర్రంకు ముందు అవ్వ వాకిట్లో జారి పడింది. ఎముక విరగలేదు గానీ మంచం పట్టింది. డాక్టరు మందులిచ్చి, కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలన్నాడు. పండుగ రోజు పొద్దున అమ్మ జావ తెచ్చి పెడితే అవ్వ గిన్నెను పక్కకు జరిపింది. ముందు రోజు కూడా సరిగ్గా తినలేదు.

"ఫకీరా, జోలె ఎప్పుడు గడ్తవ్‌రా?"

"నాకు నమ్మకం లేదని చెప్పిన గదనే అవ్వా."

"నీ నమ్మకం ఎవలడిగిండ్రు బిడ్డా? నమ్ముడు నా పని, అడుక్కొచ్చుడు నీ పని. నువ్వు నమ్మకుంటే పిండి శేదయితదా?"

"ఇంట్ల గుమ్మి నిండ జొన్నలున్నయ్. పట్టించుకొస్త, మలీద చేసుకుని తిను."

"గుమ్మి మూత తీసెటందుకు ఫకీరెందుకురా, పిల్లి సుత తీస్తది." అవ్వ గోడ వైపు తిరిగింది. గోడతోనే అంది. "మొక్కింది నేను. తీరకుంట నేను పోతే అది నీ మీదికొస్తది. నా మీదికే వచ్చేటట్టుంటే ఊకుందును. పండుకోనే పండుకున్న."

పీరీకి కోపం వస్తుందో రాదో నాకు తెలియదు గానీ, తినకపోతే అవ్వ లేవదని మాత్రం తెలుసు. సరేనన్నాను. అయితే ఛాయ్ హోటల్ ముందు నుంచి జోలె వేసుకుని పోవడం నా వల్ల కాదు.

"అవ్వా, ఏ ఊరి పిండైనా నడుస్తదా?"

"పిండికి ఊరుంటదారా?"

సాయబు తాత నా మెడలో దారం కట్టి, ఊది పొట్లం చేతిలో పెట్టాడు. నమ్మకం లేదని ఆయనకు కూడా చెప్పాను. "పర్వా నై బేటా. ముడి మాత్రం విప్పకు, మళ్ళ కట్టనీకి నాకు కండ్లు కనవడయ్" అన్నాడు.

షామీర్‌పేటకు కాలినడకన, ఎర్రటి ఎండలో, పాదాలు బొబ్బలెక్కేలా నడిచిపోయాను. (సైకిల్ మీద పోయాను. షామీర్‌పేట చెరువు కట్ట కింద తుమ్మపొదల్లో సైకిల్ దాచి, అక్కడి నుంచి నడిచాను.) మొదటి ఇంటి ముందు నిలబడగానే ఒకామె బయటికొచ్చింది.

"ఏ ఊరి ఫకీరువు అయ్యా?"

మేడ్చల్ పక్కన అంటే ఎవరి కొడుకువంటారు, చెబితే కబురు హోటల్‌కు చేరుతుంది. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. "తెల్వదమ్మా."

"ఎటు దిక్కు పోతున్నవ్?"

"తెల్వదు."

ఆమె పిండి తేవడానికి లోపలికి పోతున్నదల్లా ఆగి, చేతులు జోడించి, భర్తను పిలిచింది. "ఏందయ్యో, ఇటురా. ఊరు లేదంటుండు, పోయే జాగ తెల్వదంటుండు. గీయన మామూలు ఫకీరు గాదు." భర్తకు పెద్ద మీసాలు. అంతకంటే పెద్ద గొంతు. అరగంటలో నా చుట్టూ గుంపు చేరింది. ఒకడు తప్పిపోయిన బర్రె ఎటు పోయిందని అడిగాడు. తెల్వదన్నాను. మీసాలాయన గుంపు వైపు తిరిగి, "అడగంగనే చెప్తే బర్రె విలువ తెల్వదంటుండు, జర తిరుగుమంటుండు" అన్నాడు. ఇంకొకాయన వానలెప్పుడని అడిగాడు. తెల్వదన్నాను. "వాన మనల నడిగి వస్తదా అంటుండు" అని మీసాలాయన. నేనన్నది ఒక్క మాటే, ఆయన చేతుల్లో పడి అది ఉపదేశమై బయటికొస్తోంది. ఇంతలో ఒక ముసలామె మనవణ్ణి చంకనెత్తుకుని ముందుకొచ్చింది. పిల్లవాడికి నడక వచ్చింది, పరుగు వచ్చింది, మాట మాత్రం రాలేదట.

"వీనికి మాటలెప్పుడొస్తయ్ సామీ?"

నాకు పాపమనిపించింది. వాడి ముఖంలోకి చూస్తూ మెల్లగా అన్నాను. "తెల్వదు."

పిల్లవాడు నన్ను ఎగాదిగా చూసి, స్పష్టంగా, గుంపంతా వినేటట్టు, "తెల్వదు" అన్నాడు.

(నిజం చెబుతాను. నాకు వినపడింది "దద్దూ" అని. కానీ ముసలామెకు తెల్వదు అనే వినపడింది, మీసాలాయనకూ అట్లాగే వినపడింది. వాళ్ళిద్దరూ నాకంటే దగ్గరగా ఉన్నారు.)

ఆ తర్వాత షామీర్‌పేట షామీర్‌పేటంతా నన్ను భుజాల మీదికెత్తుకుని ఊరేగించింది. (ఎవరూ ఎత్తలేదు. ఒక పది మంది వెనక నడిచారు, ఒక మేక కూడా; మేక కన్ను నా జోలె మీద.) మీసాలాయన ఇంటి ముందు పందిరి కింద మంచం వేసి కూర్చోబెట్టారు. మెడలో బంతిపూల దండ పడింది, చేతికి చెంబెడు సల్ల వచ్చింది. వచ్చినవాళ్ళంతా ఊది పెట్టించుకుని, కళ్ళకద్దుకుని పోతున్నారు. నేను ఆనందంలో మునిగి తేలుతున్నాను. పొద్దు వాలాక ఎందుకో జోలె తడిమి చూసుకుంటే ఖాళీ. పిడికెడు పిండి కూడా పడలేదు. అంతటి మహాత్ముడి జోలెలో పిండి పోసే ధైర్యం ఎవరికుంటుంది? ఇంటి దగ్గర గోడ వైపు తిరిగి పడుకున్న అవ్వ గుర్తొచ్చింది. సల్ల చెంబు కింద పెట్టేశాను.

"పిండి" అన్నాను మీసాలాయనతో.

ఆయన లేచి నిలబడ్డాడు. "పిండి అంటుండు. తిరగల్ల వడ్డంక అందరం పిండే అయితం అంటుండు." గుంపు తలలూపింది.

ఇక లాభం లేదని మంచం దిగి, మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలామె దగ్గరికి పోయాను. "అవ్వా, నేను పెద్ద ఫకీరును గాను. మేడ్చల్ కాడి పటేలోళ్ళ పిల్లగాన్ని. నాకు నిజంగనే ఏం తెల్వదు. మా అవ్వ నిన్నటిసంది సరిగ తినలే. నేను అడుక్కపోయిన పిండైతేనే తింటనని పండుకుంది. జరంత పిండి పెట్టుండ్రి." జీవితంలో నిజంగా అడుక్కోవడం నాకు అదే మొదటిసారి. చిన్నప్పుడు చేసిందంతా ఆట.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "గిప్పటిదాక మెడల దండేసుకోని కూసుంటివి. గీ ముక్క పొద్దుగాల్నే అడగరాదా కొడుకా?" లోపలికి పోయి చేటలో జొన్నపిండి, బెల్లం ముక్క తెచ్చింది. నేను నిలబడే జోలె పట్టాను. "వంగు. నిలవడి పడ్తే పిండి గాలికి పోతది" అంది. వంగాను. ఆమె తర్వాత తక్కినవాళ్ళూ తలా ఇంత తెచ్చి పోశారు. మీసాలాయన కొంచెం చిన్నబోయాడు గానీ, అందరికంటే పెద్ద బెల్లం ముక్క ఆయనదే. "ముందే చెప్పిన గద, పిండి అంటుండని" అన్నాడు పక్కవాడితో.

బయల్దేరుతుంటే ముసలామె అడిగింది. "మరి నా మనుమని సంగతి?"

"నాకు తెల్వదవ్వా."

"నువ్వు తెల్వదన్నవ్, వాడు మాట్లాడిండు. గట్లనే మీ అవ్వ సుత తింటది, పో."

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అమ్మ రొట్టెలు కాల్చింది, నేనే బెల్లం వేసి దంచాను. సాయబు తాత పీరీ ముందు ఫాతెహా చదివి, గిన్నె నా చేతికిచ్చాడు. అవ్వను లేపి కూర్చోబెట్టి మొదటి ముద్ద నోట్లో పెట్టాను. పళ్ళు లేని నోట్లో చాలాసేపు తిప్పి మింగింది.

"ఏ ఊరి పిండిరా?"

"తెల్వదు."

"జర ఉప్పగున్నది."

"శెమట అవ్వా, సైకిల్ తొక్కిన గద" అన్నాను. (సైకిల్ తొక్కితే చెమట పడుతుంది, నిజమే. కానీ మలీద సైకిల్ మీద దంచలేదు.) అవ్వ గిన్నె ఖాళీ చేసి, మందు బిళ్ళ ఇయ్యమని చెయ్యి చాపింది. బతుకమ్మ నాటికి లేచి, కర్ర పట్టుకుని, వాకిట్లో నన్ను తిట్టేంత బలం తెచ్చుకుంది. పీరీ వల్లనా, మందు వల్లనా, కడుపులో ఇంత పడటం వల్లనా అని దోస్తులు అడిగితే ఏం చెప్పానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అవ్వ నా పెళ్ళి చూసి, ఆ ఏటి మొహర్రంకు, మొక్కు తీరిందని నా మెడలో దారం తన చేత్తోనే విప్పి, తర్వాత కొన్నేళ్ళకు నిదానంగా వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను సుచిత్ర చౌరస్తా దగ్గర మా బిడ్డ వాళ్ళ ఫ్లాటులో ఉంటున్నాను. ఆనాడు మాట రాని ఆ పిల్లవాడు షామీర్‌పేట నుంచి కీసర దాకా ప్లాట్లు అమ్ముతుంటాడు. చెవి దగ్గర ఫోను, నోటికి విరామం లేదు, ఏమడిగినా "నాకు తెల్సు" అంటాడు. మొహర్రం వచ్చిందంటే కారు వేసుకుని మా ఇంటికొచ్చి, వాళ్ళ నానమ్మ చెప్పి పోయిందని, జొన్నపిండీ బెల్లం తెస్తాడు. మొక్కు ఎప్పుడో తీరింది. అయినా నేను అటకమీది పచ్చ జోలె దులిపి పట్టుకుని వాకిట్లోకి పోతాను. మొన్నటి పండుగకు నా మనవరాలు తలుపుకు ఆనుకుని అడిగింది.

"తాతా, నువ్వు నమ్మవు కదా, మళ్ళీ ఇదెందుకు?"

నమ్మే పని మా అవ్వది, పోతూ పోతూ దాన్ని వెంట తీసుకుపోయింది. జోలె నా దగ్గర మిగిలిపోయింది, ఏం చెయ్యమంటావు అన్నాను. షామీర్‌పేట వాడు పిండి పోస్తుంటే గాలికి పోకుండా వంగాను. వంగాను అన్నది కూడా గొప్పకే. ఈ వయసులో నడుము దానంతటదే వంగి ఉంటుంది. అవ్వ చూస్తే భక్తి అనుకుని మురిసిపోతుంది.

చూస్తుందా అంటే, తెల్వదు.