అసలులోకి వెళ్లని డబ్బు

మా ఆయన తుని నుంచి మామిడికాయల లోడుతో వస్తూ ఉండగా హైవే మీద లారీ గుద్దింది. ఆ సమయానికి నేను ఏడో తరగతికి భిన్నాలు చెబుతున్నాను. సామర్లకోటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఆయనకు సొంత గూడ్స్ ఆటో ఉండేది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఆయన, నేను, మా అత్తగారు. మా ఆడపడుచు పెళ్లయి ద్రాక్షారామంలో ఉంటుంది.

నేను కాకినాడ ఆసుపత్రికి చేరేసరికి ఆయన్ని లోపలికి తీసుకెళ్లిపోయారు. అత్తగారు వరండాలో నేల మీద కూర్చుని, ఆయన చెప్పులు ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. ఆపరేషన్‌కి ముందు డబ్బు కట్టాలన్నారు. చేతిలో ఉన్నది ఏ మూలకూ రాదు. నా జీతం పడే బ్యాంకు యాప్‌లో, మీకు పర్సనల్ లోన్ సిద్ధంగా ఉంది అని ఎప్పటినుంచో ఒక ప్రకటన కనిపిస్తూ ఉండేది. ఎప్పుడూ దాన్ని పక్కకు తోసేసేదాన్ని. ఆ రోజు నొక్కాను. వడ్డీ ఎంతో చూడలేదు. ఐదేళ్ల వాయిదాలు అని వస్తే సరే అని నొక్కాను. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు, నాలుగు లక్షలు ఖాతాలో పడ్డాయి. అప్పుడు ఆ బ్యాంకువాళ్లకి చేతులెత్తి నమస్కారం పెట్టాలనిపించింది.

ఆయన ఆ వారం దాటలేదు.

సమాధి చేసి వచ్చాక చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. స్కూలుకి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. ఒక ఉదయం హాజరు వేస్తుంటే ఫోన్ మోగింది. మొదటి వాయిదా కోసుకున్నామని బ్యాంకు మెసేజ్. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన మోగే మెషీన్ చప్పుడు మళ్లీ వినిపించినట్టయింది. పిల్లల ముందు ఏడవలేక నీళ్ల కుండ దాకా వెళ్లి వచ్చాను. ఆ తర్వాత ప్రతి నెలా అంతే. ఆయన పోయారు కానీ ఆయన వైద్యానికి నేను ఇంకా డబ్బు కడుతూనే ఉన్నాను.

జీతంలో సగానికి దగ్గరగా వాయిదాకే పోయేది. దానికితోడు స్కూలు యాజమాన్యం వచ్చే ఏడు టీచర్లని తగ్గిస్తారని గుసగుసలు. ఉద్యోగం పోతే ఎలాగన్న భయం ఒకటి. అన్నం సయించేది కాదు.

ఒక సాయంత్రం అత్తగారు అడిగారు. "ఎన్నేళ్లు కట్టాలమ్మా ఇది?"

"ఐదేళ్లు అత్తయ్యా."

"నీకు ముప్పై దాటాయి. పోయినోడి కోసం ముప్పై ఆరు వచ్చేదాకా కడతా కూర్చుంటావా? ముందుగా ఇచ్చేస్తే పుచ్చుకోరా ఆళ్లు?"

బ్యాంకుకి వెళ్లి కనుక్కున్నాను. మొదటి ఏడాది అదనంగా కట్టడానికి వీల్లేదట. ఆ తర్వాత ఎంత కట్టుకుంటే అంత తొందరగా తీరుతుందని కౌంటర్లో ఉన్న అబ్బాయి చెప్పాడు. నాకు గుర్తున్నది ఆ ఒక్క మాటే.

నేను ఇంట్లో ట్యూషన్లు మొదలుపెట్టాను. ఒక సోమవారం పొద్దున లేచేసరికి అత్తగారు టిఫిన్ డబ్బా కట్టుకుని వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు. రొయ్యల ఫ్యాక్టరీ బస్సు కోసం. అరవై దాటిన మనిషి.

"ఏంటత్తయ్యా ఇది? మీకేం ఖర్మ?"

"నా కొడుకు అప్పు. నువ్వొక్కదానివే మొయ్యడమేంటి?"

అక్కడ ఐసులో ఉన్న రొయ్యలకి తలలు తీసి, పొట్టు ఒలవాలి. కిలోకి ఇంతని ఇస్తారు. గ్లౌజులు ఇస్తారు కానీ వాటితో చెయ్యి చురుగ్గా ఆడదని ఆవిడ తీసేసేవారు. నెల తిరక్కుండానే వేళ్ల సందులు ఒరిసిపోయాయి. రొయ్య ముల్లు గుచ్చుకున్న చోటల్లా చీము. ఇంటికి వచ్చాక కొబ్బరినూనె రాస్తుంటే చెయ్యి వెనక్కి లాక్కునేవారు. అన్నం ముందు కూర్చుని ఆవిడ చేసుకునే ప్రార్థన నాకు వినిపించేది. "ప్రభువా, ఈ అప్పు తీరేదాకా ఒంట్లో ఓపిక ఉంచు." తీరాక సంగతి ఎప్పుడూ అడిగేవారు కాదు.

ఏడాది నిండాక, కూడబెట్టిందంతా లోన్ ఖాతాకి వేశాను. అక్కణ్ణుంచి ప్రతి నెలా వాయిదా కాకుండా ఆవిడ కూలీ, నా ట్యూషన్ డబ్బులు కలిపి వేసేదాన్ని. పండక్కి చీర లేదు, ఆదివారం కూర లేదు. గ్యాస్ అయిపోతుందని ఒక పూటే వండేదాన్ని. తల తిరిగి ఒకసారి బోర్డు పట్టుకుని నిలబడ్డాను. అయినా పరవాలేదు, తగ్గుతోంది కదా అనుకునేదాన్ని.

అలా మరో ఏడాది గడిచాక, ఇంకెంత మిగిలిందో చూసుకుని వద్దామని ఇద్దరం బ్యాంకుకి వెళ్లాం. అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకున్నారు. ఆ రోజు కౌంటర్లో నా వయసే ఉన్న ఆఫీసరమ్మ ఉంది. కంప్యూటర్‌లో మా ఖాతా తెరిచి పైకీ కిందికీ జరిపి చూసింది.

"మేడమ్, మీరు ఎక్స్‌ట్రా కట్టిందంతా విడిగా ఉండిపోయిందండి. అసలులోకి వెళ్లలేదు."

"వెళ్లకపోవడమేంటండి? లోన్ నంబరుకే కదా వేశాను?"

"దానికే వేశారండి. కానీ పార్ట్ పేమెంట్ అని, అంటే అసలులో కొంత ముందే కడుతున్నానని రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే సిస్టం దాన్ని రాబోయే వాయిదాల కోసమని పక్కన పెట్టేస్తుందండి."

"ఆ పక్కన పెట్టినదానికి మాకు వడ్డీ ఇస్తారా?"

"ఇవ్వరండి."

"మా దగ్గర మాత్రం మొత్తం మీద వడ్డీ తీసుకున్నారు కదా?"

  ఇన్నాళ్లూ ఆవిడ ఐసులో పెట్టిన చేతులు, నేను మానుకున్న తిండి, ఏదీ అప్పుని తాకనే లేదు. నేను లేచి నిలబడి అరిచాను. అంతకు ముందెప్పుడూ నలుగురిలో గొంతు పెంచినదాన్ని కాదు. "ఈవిడ చేతులు చూడండి! ఒక్కసారి చూసి ఆ మాట చెప్పండి!" లైన్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. అత్తగారు రెండు చేతులూ గబగబా పైట కొంగులో దాచుకున్నారు.

ఆఫీసరమ్మ మంచినీళ్లు తెప్పించింది. తనే కాగితం తెచ్చి ఎక్కడ సంతకం పెట్టాలో చూపించింది. "ఈ రోజు నుంచి అసలులో తగ్గుతుందండి. వెనక తేదీ నుంచి వెయ్యడం నా చేతిలో లేదు, నన్ను క్షమించండి. వాయిదా తగ్గించమంటారా, కాలం తగ్గించమంటారా?"

 అత్తగారే చెప్పారు. "కాలం తగ్గించమ్మా."

ఇంటికి నడిచి వస్తుంటే రైల్వే గేటు వేసి ఉంది. రైలు వస్తున్న చప్పుడు. గేటు పక్క సందులోంచి జనం దూరిపోతున్నారు. నేనూ అటు కదిలాను. దాటడానికి కాదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, నా కాళ్లకి తెలుసు. అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పచ్చి పుళ్లతోనే, ఎముక నొప్పెట్టేలా. రైలు పెట్టెలన్నీ పోయేదాకా వదల్లేదు.

"నువ్వు కూడా పోతే నేనెవరి కోసం కట్టాలే?" అన్నారు. అంతకుముందు నన్నెప్పుడూ 'ఏమే' అన్న మనిషి కాదు. అక్కడే గేటు పక్కన కూలబడి ఇద్దరం ఏడ్చాం. ఆయన పోయిననాడు కూడా అలా ఏడవలేదు.

తర్వాత నెలలో ఆవిడ కుడిచేయి మోచేతిదాకా వాచింది. ఫ్యాక్టరీ మానకపోతే వేళ్లు తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు. మానిపించడానికి నేను రెండు రోజులు అన్నం మానేయాల్సి వచ్చింది. మందులకి ఆ నెల ట్యూషన్ డబ్బంతా పోయింది. స్కూల్లో ఉద్యోగం మిగిలింది కానీ జీతం తగ్గించారు. చివరికి, నుజ్జయి పెరట్లో పడి ఉన్న ఆటోని తుక్కు కొనేవాళ్లకి అమ్మేశాం. గొలుసులు కట్టి దాన్ని లాక్కుపోతుంటే అత్తగారు బయటికి రాలేదు. ఆ డబ్బైనా, నా ట్యూషన్ డబ్బైనా, వేసేటప్పుడు ప్రతిసారీ కాగితం రాసి, ముద్ర వేయించుకుని, అసలు ఎంత తగ్గిందో అక్కడే అడిగి చూసుకునే బయటికి వచ్చేదాన్ని.

మూడో ఏడాది దాటాక అప్పు తీరిపోయింది. బాకీ లేదని బ్యాంకువాళ్లు ఇచ్చిన కాగితం తీసుకుని ఇంటికి వచ్చేసరికి అత్తగారు సంచీ సర్దుకుంటున్నారు.

"ఎక్కడికత్తయ్యా?"

"ద్రాక్షారామం. అమ్మాయి దగ్గరికి. అప్పు తీరిపోయింది కదమ్మా, ఇంక నీ బతుకు నువ్వు చూసుకో. మళ్లీ పెళ్లి చేసుకుంటావో, ఎటైనా వెళ్తావో. నేనిక్కడుంటే నీకు అడ్డం."

వద్దన్నాను, బతిమాలాను, కోప్పడ్డాను. విననే లేదు. ముందు నుంచీ ఆవిడ లెక్క అదేనని అప్పుడు అర్థమైంది. అప్పు తీర్చాలని ఆవిడ తొందరపడింది కొడుకు కోసం కాదు. నన్ను విడిపించడానికి.

ఆవిడ వెళ్లాక ఇల్లు భరించలేకపోయాను. మొదటి తారీఖున జీతం మొత్తం చేతికి వచ్చింది. బజారుకి వెళ్లి ఏం కొనాలో తోచక, ఊరికే నడిచి తిరిగి వచ్చేశాను. అప్పు ఉన్నన్నాళ్లూ రేపు ఏం చెయ్యాలో తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. అన్నం వండి, ఒక్కదాన్నీ కంచం ముందు కూర్చోలేక, గిన్నె మూతపెట్టి పడుకునేదాన్ని.

నెల తిరక్కుండానే ద్రాక్షారామం బస్సెక్కాను. మా ఆడపడుచు వాకిట్లోనే ఎదురొచ్చి, "ఎప్పుడొస్తావా అని చూస్తున్నాను వదినా, అమ్మ సరిగా తినట్లేదు" అంది.

అత్తగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నాకు ఒక్కదానికి వండుకోవడం రావట్లేదు అత్తయ్యా."

ఆవిడ నా మొహం వంక చూశారు. 

"చిక్కిపోయావే" అని, కూతుర్ని పిలిచి నాకు అన్నం పెట్టమన్నారు. తర్వాత లోపలికి వెళ్లి సంచీ తెచ్చుకున్నారు.