చేతులు వాసన చూసి ఇచ్చిన నారు

మొన్న పొద్దున నీలం నగర్‌లో మా బిల్డింగు ముందు చెత్తబండి, అదే ఘంటాగాడీ, ఆగినప్పుడు, చెత్త వేద్దామని వెళ్ళి లోపలికి తొంగి చూస్తే, వాడిపోయిన కొత్తిమీర కట్టల మీద నా మిరప నారు పడి ఉంది. నారు పోసిన కప్పులు నావే, మట్టి నాదే. డాబా మీద గింజ వేసి, పిచ్చుకల నోట పడకుండా కాపాడి, నాకు కావలసినన్ని ఉంచుకుని, మిగిలినవి ఎవరింట్లోనైనా బతుకుతాయి కదా అని బిల్డింగు గ్రూపులో ఫోటో పెడితే ఎగబడి పట్టుకుపోయిన నారు! పట్టుకుపోయినవాళ్ళలో ఒకతె, పై అంతస్తు కోడలు, చెత్తడబ్బాతో అక్కడే ఉంటే నిలబెట్టి అడిగాను.

"ఊరికి పోయినం ఆంటీ, నీళ్ళు పొయ్యనీకి యాదికి లేకుండె. ఇంకోటి ఇయ్యరా? బాల్కనీల మస్తు షో వస్తది," అంది నవ్వుతూ.

షో కావాలంటే ప్లాస్టిక్‌వి తెచ్చుకోమ్మా, అవి నీళ్ళు కూడా అడగవు అన్నాను. నా నోరు మంచిది కాదని బిల్డింగంతా అనుకుంటుంది. అనుకోనీ.

భవాని పేట్ సందుల్లో పెరిగిన నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, లోపల మరమగ్గాల సాంచెల చప్పుడు, వాకిట్లో చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకతె అయిన మా అమ్మ, బీడీలకు కత్తిరించగా పనికిరాకుండా పోయిన తునికాకును తడిపి, పొట్లంలా మడిచి, బీడీ దారంతోనే కట్టి, అందులో మట్టి నింపి మిరప గింజలు వేసేది. గింజలు వేసే చేయి ఎప్పుడూ నిండుగా పడేది కాబట్టి, తొలకరి నాటికి మా గడప పొడుగునా పొట్లాలే. మొలిచినదాన్ని పారేయడం ఆవిడకు తెలియదు. ప్రతి దానికీ ఓ ఇల్లు చూడాల్సిందే.

అలాగని అడిగినవాళ్ళందరికీ ఇచ్చేదీ కాదు. ముందు చేతులు చాపమనేది. ముక్కు దగ్గరకు తీసుకుని వాసన చూసేది. తంబాకు వాసన తగిలితే సబ్బుతో కడుక్కుని రమ్మని వెనక్కి పంపేది. పొగాకు చేత్తో తాకితే మిరప ఆకు మచ్చలు తేలి ముడుచుకుపోతుందని, ఒక ఏడు తన నారంతా పోగొట్టుకుని నేర్చుకుంది. బీడీలు చుట్టే పేటలో తంబాకు వాసన లేని చెయ్యి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! నీ నారు కోసం ఆపరేషన్ చేసే డాక్టరే రావాలె అని బాపు వెక్కిరించేవాడు.

ఎదురింటి చిన్నమ్మ చేతులు కడుక్కునే తీసుకుంది. కానీ ఇంటికి పోయాక, పురుగు పట్టకూడదని, చేటలో అడుగున మిగిలిన తంబాకు పొడిని మొదళ్ళ చుట్టూ చల్లింది. మా పేటవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. కొద్దిరోజులకే ఆకులు ముడుచుకున్నాయి. పొట్లాలన్నీ తెచ్చి మా గడప మీద పెట్టి సందంతా వినేట్టు అరిచింది.

"ఏం నారు ఇచ్చినవే అక్కా? అన్నీ సచ్చినయ్!"

"తంబాకు సల్లితె సావక ఏం జేస్తయే?"

"గా తంబాకుతోనే నా ఇల్లు నడుస్తున్నది. నీ మిరపకే విషమైందా?"

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఒకరోజు చిన్నమ్మ బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి, చేతులు ఎర్రబడేదాకా తోముకుని వచ్చి, అమ్మ ముక్కు కింద పెట్టింది. "సూడు. ఇప్పుడన్న ఇస్తవా?"

అమ్మ తీరిగ్గా వాసన చూసి, "ఇంకా జర వస్తున్నది" అంటూనే పొట్లాలు ఆమె ఒళ్ళో పెట్టింది. ఆ చెట్ల కాయలు మా ఇంటికి పచ్చడై వచ్చాయి.

ఆ రోజులు బంగారమని నేననను. మిరపకు పడని తంబాకు పొడి మనిషికి మాత్రం ఎలా పడుతుందని ఆ కార్ఖానాలో ఎవడైనా అడిగాడా? మొక్కను ముట్టే ముందు చేతులు కడుక్కోమన్న మా అమ్మ చివరికి దగ్గి దగ్గే పోయింది. ఆ కోపం నాకు చల్లారదు. అయినా, చచ్చిన మొక్క కోసం సందులో నిలబడి పోట్లాడిన మనిషి చిన్నమ్మ. పై అంతస్తు కోడలు తన మొక్క చస్తే చెత్తలో వేసి, నవ్వుతూ ఇంకోటి అడిగింది.

డాబా మీద ఇంకా నారు మిగిలే ఉంది. కప్పుల అడుగు నుంచి వేళ్ళు బయటికి తంతున్నాయి. త్వరగా ఇళ్ళు దొరక్కపోతే గిడసబారిపోతాయి. అందుకే నిన్న గ్రూపులో రాశాను: నారు కావలసినవాళ్ళు నా గడప దగ్గరకు వచ్చి చేతులు చూపించాలి, మొక్క చస్తే వచ్చి నాతో పోట్లాడాలి. సాయంత్రం దాకా తలుపు తీసుకుని కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. ఫోన్‌లో మాత్రం బొటనవేళ్ళు వరసగా పైకి లేచాయి, పచ్చగా, నున్నగా, ఏ మరకా లేకుండా. వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని నేనేం వాసన చూడను?